ట్రాకుపై దారి యిచ్చుట, దారి తీసికొనుట

మన పాఠశాలలో చదివి పెద్దవారైన పిల్లలు పలువురు నేడు సొంత కార్లు నడుపుచున్నారు. వారిలో వేగమునందు మక్కువ గలవారు సెలవుదినములలో 'ట్రాక్ డే'కు పోయెదమని తల్లిదండ్రుల నడుగుచుందురు. ఆ మాట వినినంతనే తల్లి గుండె జల్లుమనును. తండ్రి "కారు పందెములు మనకేల?" అని ఒక్క మాటతో కొట్టివేయును. పిల్లవాడు మరి మాటాడడు. కాని వాని మక్కువ అంతటితో చావదు. ఏ రాత్రివేళనో రాజమార్గముమీద అది బయటపడవచ్చును. కావున ట్రాక్ డే యనగా నేమి, అందు ఒకరి నొకరు దాటిపోవుటకు గల మర్యాద లెట్టివి, ప్రాణరక్షణకు చేయవలసిన యేర్పాటులెవ్వి అను సంగతులు తెలిసికొని, పిదప సరే యనుటయో వల దనుటయో మేలని మేము తలంచుచున్నాము.

మొదట ఒక భేదమును గుర్తింపవలెను. ట్రాక్ డే పందెము కాదు. అందు బహుమానము లేదు. మొదటివాడు, కడపటివాడు అను లెక్కయు లేదు. పందెములకై నిర్మించిన బాటను నిర్వాహకులు ఒక దినము అద్దెకు తీసికొని, రుసుము చెల్లించినవారిని తమ తమ కార్లతో నడుపుకొననిత్తురు. క్రొత్తవారిని, కొంత యనుభవము గలవారిని, ఆరితేరినవారిని వేరు వేరు జట్లుగా విభజించి, ఒక్కొక్క జట్టును సుమారు ఇరువది నిమిషములు బాటమీదికి పంపుదురు. ఎదురుగా వచ్చు బండి లేదు, పాదచారి లేడు, పశువు లేదు. తన కారు ఎంతవరకు మాట వినునో, తనకు ఎంతవరకు చేతనగునో తెలిసికొనుటయే అక్కడి ప్రయోజనము.

తమిళనాట నున్న మన తెలుగువారికి ఈ విషయము మరీ దూరపుది కాదు. మద్రాసు మోటారు స్పోర్ట్స్ క్లబ్బు 1953లో ఏర్పడినది. పూర్వము చెన్నపట్టణమునకు ఉత్తరమున నున్న షోలవరములో, పాత విమానాశ్రయపు బాటమీద పందెములు జరుగుచుండెడివి. పిమ్మట శ్రీపెరుంబుదూరు చేరువ ఇరుంగాట్టుకోట్టైలో సుమారు 3.7 కిలోమీటర్ల ప్రత్యేకపథము నిర్మింపబడి 1990లో ఆరంభమైనది. కోయంబత్తూరు సమీపమున చెట్టిపాళయములో కరివర్ధన్‌గారి పేరిట మరియొక పథము కలదు. ఆ కోయంబత్తూరులోనే తెలుగింట పుట్టిన జి.డి. నాయుడుగారు ఒక్క బస్సుతో ఆరంభించి పెద్ద రవాణాసంస్థను నెలకొల్పిరి. ఆ యూరివాడైన నారాయణ్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్ పందెములలో దిగిన మొదటి భారతీయుడయ్యెను.

ఇక అసలు విషయమునకు వత్తము. ట్రాకుమీద బండి బండికి తగులు అపాయము ఎక్కువగా ఒకరి నొకరు దాటునప్పుడే కలుగును. కారణము గణితములో నున్నది. గంటకు 100 కిలోమీటర్ల వేగమున పోవు కారు ఒక్క సెకనులో సుమారు 28 మీటర్లు పోవును. వెనుక కారు 140 కిలోమీటర్ల వేగమున వచ్చుచున్నచో, రెంటి నడుమ దూరము సెకనుకు 11 మీటర్ల చొప్పున తరిగిపోవును. అద్దములో ఏబది మీటర్ల దూరమున కనబడిన బండి అయిదు సెకనులు గడువకముందే మన ప్రక్కకు వచ్చును. వేగము రెట్టింపైనచో బ్రేకు వేసి ఆగుటకు పట్టు దూరము రెట్టింపు కాదు, నాలుగు రెట్లగును. కనుక దాటువాడును దాటింపబడువాడును ఒకరి మనస్సు నొకరు ముందే యెరిగియుండవలెను. మర్యాదలన్నియు పుట్టినది ఇందుకే.

మొదటి మర్యాద: క్రొత్తవారి జట్టులో మలుపునందు ఎవ్వరును ఎవ్వరిని దాటరాదు. ప్రాతఃకాలపు సమావేశములో నిర్వాహకులు పేర్కొనిన సరళమార్గములలో మాత్రమే దాటవలెను. బ్రేకు వేయవలసిన చోటు సమీపించినప్పుడు లోపలివైపున దూరుట పందెగాండ్ర పద్ధతి. ఇక్కడ అది దోషము.

రెండవది: ముందువాడు అనుమతింపనిదే వెనుకవాడు దాటరాదు. అనుమతి చేతిసైగతో నిచ్చుట వాడుక. మన దేశపు కార్లలో నడుపువాడు కుడివైపున కూర్చుండును గనుక, కుడి కిటికీనుండి చేయి చాచి కుడివైపు చూపినచో "కుడిప్రక్కగా పొమ్ము" అని యర్థము. చేయి పైకెత్తి కప్పుమీదుగా ఎడమకు చూపినచో "ఎడమప్రక్కగా పొమ్ము" అని యర్థము. కొన్నిచోట్ల దీపపు సూచికను వాడుదురు. ఏది పాటింపవలెనో ఉదయపు సమావేశమందే తెలియును; కావున దానికి రానివానిని బాటమీదికి పోనీయరు. ఒక్క సైగ ఒక్క కారుకే చెల్లును. వెనుక మూడు కార్లున్నచో మూడుమార్లు సైగ చేయవలెను.

మూడవది: దారి యిచ్చువాడు తన గీతను విడువరాదు. ఉపకారము చేయుచున్నాననుకొని హఠాత్తుగా ప్రక్కకు తొలగువాడే ఎక్కువ ప్రమాదకారి. ఏలయన వెనుకవాడు అదే ప్రక్కకు మరలియుండవచ్చును. సైగ చేసి, తిన్నగా పోవుచు, త్వరకముమీద కాలు కొంచెము సడలించిన చాలును. కారు బలమైనదై నడుపువాడు క్రొత్తవాడైనప్పుడు ఇది మరియు ముఖ్యము. మలుపులలో వెనుకవానిని ఆపివేసి, సరళమార్గము రాగానే ఇంజను బలముతో పారిపోవుట అక్కడివారు మిక్కిలి యేవగించుకొను చేష్ట.

నాలుగవది: క్షేమముగా దాటు బాధ్యత దాటువానిదే. సైగ దొరకినంత మాత్రమున చోటు దొరకినట్లు కాదు. చోటు చాలదని తోచినచో ఒక చుట్టు ఓర్చుకొనవలెను. పరుగెత్తి పాలు త్రాగుటకంటె నిలబడి నీళ్ళు త్రాగుట మేలను సామెత వేగమునకై నిర్మించిన బాటమీద కూడ చెల్లుచున్నది.

బాటప్రక్కన నిలిచియుండు మార్షళ్ళు జెండాలతో మాటాడుదురు. పసుపు జెండా ముందున్న అపాయమును తెలుపును. వేగము తగ్గింపవలెను, ఎవ్వరిని దాటరాదు. పసుపుమీద ఎర్రచారలున్నచో బాట జారుడుగా నున్నదని యర్థము. నీలిజెండా, వెనుక వేగముగల కారున్నదనియు దానికి దారి యిమ్మనియు చెప్పును. ఎర్రజెండా కనబడినచో అందరును దాటుట మాని, అద్దము చూచుకొనుచు వేగము తగ్గించి పిట్టునకు మరలవలెను. ఉన్నచోటనే గట్టిగా బ్రేకు వేయుట తప్పు. నల్లజెండా ఒక్కని నుద్దేశించి చూపబడును. అతడు లోనికి వచ్చి కారణము తెలిసికొనవలెను. గళ్ళజెండాతో ఆ విడత ముగియును.

కారు అదుపు తప్పి గిరగిర తిరిగినచో క్లచ్చును బ్రేకును రెంటిని త్రొక్కిపట్టవలెనని శిక్షకులు నేర్పుదురు. అప్పుడు బండి పోవు దిక్కును ఇతరులు ఊహింపగలరు. ఆగిన పిదప నిప్పు పుట్టిననే గాని, మార్షలు చెప్పిననే గాని కారు దిగరాదు. తిరుగు బాటమీద కాలినడకన నిలుచుటకంటె పట్టీ కట్టుకొని లోపల నుండుట క్షేమకరము. మరల బాట నెక్కుటకు మార్షలు సైగకై వేచియుండవలెను.

బయలుదేరుటకు ముందు చేయవలసిన పరీక్షలును కలవు. టైర్లు అరిగియుండరాదు. బ్రేకు దిమ్మలు దళసరిగా నుండవలెను. బ్రేకు ద్రవము పాతదైనచో వేడికి మరిగి పెడలు మెత్తబడును, బండి ఆగదు. నీళ్ళ సీసాలు, పనిముట్లు, కాళ్ళక్రింది పట్టాలు మున్నగు వదులు వస్తువులన్నియు తీసివేయవలెను. పెడలుక్రింద దొర్లిన సీసా ప్రాణము తీయవచ్చును. తలకు సరిపోవు హెల్మెటు, చేతులు కప్పు నూలుదుస్తులు, పలుచని అట్టగల బూట్లు ఉండవలెను. కడపటి చుట్టు మెల్లగా నడిపి బ్రేకులను చల్లార్చవలెను. వేడిమీద చేతిబ్రేకు లాగరాదు. నిద్ర చాలనివాడు, అలసినవాడు ఆ విడత మానుటయే తెలివి. తుదివిడతలలో అలసట, అతిధైర్యము రెండును కలిసి వచ్చును.

తల్లిదండ్రులు మరవరాని సంగతి మరియొకటి. మన దేశపు సాధారణ మోటారు భీమాపత్రములు వ్యవస్థీకృత పందెములకును వేగపరీక్షలకును వర్తింపవు. ట్రాకుమీద కారు చెడినచో ఖర్చు మనదే యనుకొని పోవలెను.

ఇంత అపాయము, ఇంత ఖర్చు గలదానిని ఏల అనుమతింపవలెనని అడుగవచ్చును. అనుమతించి తీరవలెనని మేము చెప్పము. కాని పోల్చి చూడవలసినది ట్రాకును ఇంటితో కాదు, ట్రాకును రోడ్డుతో. రోడ్డుమీద పందెమాడుట మోటారు వాహనముల చట్టము 189వ సెక్షను క్రింద నేరము. 2019 సవరణ ననుసరించి మొదటి తప్పునకు మూడు మాసములవరకు చెరయో, అయిదువేల రూపాయలవరకు జరిమానాయో, రెండునో విధింపవచ్చును. మైనరు బిడ్డ బండి నడిపి నేరము చేసినచో 199ఎ సెక్షను క్రింద సంరక్షకునికి మూడేండ్లవరకు చెరయు, ఇరువదియైదువేల రూపాయల జరిమానాయు కలవు. చట్టమటుండ, రోడ్డుమీద ప్రాణము పోగొట్టుకొనువాడు పందెగాడు మాత్రమే కాదు. పాలు తెచ్చుటకు బయలుదేరిన యెవరింటి బిడ్డయో కావచ్చును.

కనుక అడిగిన కుమారునిగాని కుమార్తెనుగాని కసరక, నాలుగు ప్రశ్నలు వేయుడు. శిక్షకు డుండునా? క్రొత్తవారికి వేరు జట్టున్నదా? దాటు నియమములేమి? వైద్యుడును ఆంబులెన్సును సిద్ధముగా నుండునా? వీనికి సరియైన సమాధానము చెప్పలేని పిల్లవాడు ఇంకను సిద్ధపడలేదు. చెప్పలేని నిర్వాహకుని యొద్దకు ఎవ్వరిని పంపరాదు. వీలైనచో మొదటిమారు మీరును వెంట పోయి చూడుడు. అద్దము చూచుకొనుట, వెనుకవానికి సకాలమున దారి యిచ్చుట, చోటు లేనప్పుడు ఓర్చుకొనుట అను మూడు గుణములను అక్కడ నేర్చినవాడు, వానిని ఇంటికి వచ్చు త్రోవలో విడిచిపెట్టకుండునట్లు చూచుట పెద్దల పని.