వార్తల్లో పదం: ఐఎంఎన్‌సీఐ

ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి జ్వరంతో, దగ్గుతో వచ్చే పసిబిడ్డను మొదట చూసేది చాలాచోట్ల పిల్లల డాక్టరు కాదు, ఎంబీబీఎస్ చదివిన మెడికల్ ఆఫీసరు. ఐదేళ్లలోపు పిల్లల జబ్బులను విడివిడిగా కాక కలిపి చూసి, చికిత్స చేయడం నేర్పే శిక్షణే ఐఎంఎన్‌సీఐ. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 1990లలో రూపొందించిన విధానంలోకి, పుట్టిన మొదటి వారంలోని శిశువులనూ చేర్చి మన దేశం దీన్ని తయారుచేసుకుంది. ఆస్పత్రుల్లోని డాక్టర్లు, నర్సుల కోసం 2009లో ఎఫ్-ఐఎంఎన్‌సీఐ వచ్చింది.

ఐఎంఎన్‌సీఐలో ఖరీదైన పరికరాల పని తక్కువ. బిడ్డ నిమ్మళంగా ఉన్నప్పుడు నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టాలి. రెండు నెలల్లోపు పసికందుకు 60, ఏడాదిలోపు బిడ్డకు 50, ఐదేళ్లలోపు వారికి 40, లేదా ఆపైన ఉంటే ఊపిరి వేగంగా ఆడుతున్నట్టే. పాలు, నీళ్లు తాగలేకపోవడం, తిన్నదంతా కక్కేయడం, ఫిట్స్, మగత... రెండు నెలలు దాటిన బిడ్డలో వీటిలో ఒక్కటి కనిపించినా ప్రమాదమే. ఐఎంఎన్‌సీఐ చార్టులో బిడ్డ లక్షణాలు గులాబీ రంగు గడిలోకి వస్తే తొలి డోసు మందు ఇచ్చి, వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి. పసుపైతే అక్కడే వైద్యం, పచ్చయితే ఇంటి దగ్గర జాగ్రత్తలు. దగ్గుకని తెచ్చిన బిడ్డనైనా తూకం వేయాలి, రక్తహీనత చూడాలి, టీకాలు, తిండి సంగతి తల్లిని అడగాలి. నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఇదే.

స్లైడ్లు చూపి సరిపెడితే ఈ విద్య రాదు. వార్డులో పిల్లలను చూస్తూ నేర్చుకోవాల్సిందే. ఆరోగ్య కేంద్రంలో కొత్తగా చేరే ప్రతి డాక్టరుకూ మొదటి నెలల్లోనే ఈ శిక్షణ ఇవ్వాలి.