ఆగిన కలం

నవలాకారుని గూర్చి పాఠకులు తరచు రెండు ప్రశ్నలు వేస్తారు. ఆయన దేనితో వ్రాస్తాడు? వ్రాత సాగనప్పుడు ఏమి చేస్తాడు? సమాధానానికి దూరదేశాల దాకా పోనక్కరలేదు. మన ఓరుగల్లు సీమలోనే తగిన నిదర్శనాలున్నవి.

ముందుగా పూర్వకవి మాట. నేటి జనగామ జిల్లాలోని బమ్మెర పోతన గ్రామమని ప్రతీతి. ఆనాటి సాధనాలు తాటాకు, గంటం. గంటంతో గీచిన అక్షరం మసి పూసి తుడిచిన పిమ్మట గాని కంటికి ఆనదు. కొట్టివేతలకు అంతగా తావులేని వ్రాత అది. మాట మనసులో పండిన తరువాతనే ఆకుమీదికి రావలె. గజేంద్రమోక్షణ ఘట్టంలో పద్యం నడవక పోతన గంటం క్రిందపెట్టి బయటకు వెళ్ళినాడనీ, తిరిగి వచ్చేసరికి శ్రీరాముడే ఆ పద్యం పూరించి ఉన్నాడనీ జనశ్రుతి. నమ్మినా నమ్మకున్నా, అందులో వ్రాతపని మర్మమొకటి ఉన్నది. కవి ఆకును గీకుతూ కూర్చోలేదు, లేచి వెళ్ళినాడు. చేయి విశ్రమించినప్పుడు మనసు తన పని తాను చేసుకొంటుంది.

ఇక సాధనమే లేనివారి మాట. మహబూబాబాదు జిల్లా చిన్నగూడూరులో 1925లో జన్మించిన దాశరథి కృష్ణమాచార్యులు 1948లో నిజామాబాదు జైలులో ఉన్నారు. వ్రాసుకొనుటకు కలం, కాగితం కరవు. పండ్లు తోముకొనే బొగ్గు ఉన్నది, ఎదుట గోడ ఉన్నది. పద్యాలు గోడకెక్కినవి. తోటి ఖైదీ వట్టికోట ఆళ్వారుస్వామి వాటికి తొలి శ్రోత. తరువాత వెలువడిన ‘అగ్నిధార’ను దాశరథి ఆయనకే అంకితమిచ్చినారు.

ఆళ్వారుస్వామి స్వయంగా నవలాకారులు. ‘ప్రజల మనిషి’ వ్రాసిన పిమ్మట ‘గంగు’ను ఆరంభించినారు. 1961లో ఆయన మరణించడంతో అది అసంపూర్ణంగా మిగిలినది. విశ్రాంతితో గాని పట్టుదలతో గాని తీరే ఆటంకం కాదది. అయినను తెలంగాణ ప్రజల చరిత్రను నవలలుగా చెప్పవలెనన్న ఆయన సంకల్పం అక్కడితో ఆగలేదు. కృష్ణమాచార్యుల తమ్ముడు దాశరథి రంగాచార్యులు ఆ భారం ఎత్తుకొన్నారు. 1969లో ‘చిల్లర దేవుళ్ళు’, ఆపైన ‘మోదుగుపూలు’, ‘జనపదం’ వెలువడినవి. తాము పుట్టి పెరిగిన పల్లెల దొరతనాన్ని, వెట్టిచాకిరిని, అక్కడి జనం నోటి తెలుగును ఆయన నవలకెక్కించినారు. చూచినది, విన్నది అంత పుష్కలంగా ఉన్నవానికి వ్రాయుటకు వస్తువు కొరవడదు.

పోతన భాగవతంలోనూ కొన్ని స్కంధాలను గంగన, సింగన, నారయలు పూరించినారు గదా! ఒకరి చేతిలో ఆగినది మరియొకరి చేతిలో సాగడం మన సాహిత్యానికి క్రొత్త కాదు.

వ్యాసరచన వేళ తెల్లకాగితం ముందు విద్యార్థి దిగులుగా కూర్చున్నప్పుడు ఉపాధ్యాయుడు గుర్తుంచుకొనదగిన మాట ఇది. అతనికి క్రొత్త కలం అక్కరలేదు. కాసేపు లేచి తిరిగి రానివ్వండి. భూపాలపల్లి బాలుడైతే బొగ్గుగనిలో దిగివచ్చే తండ్రిని, జనగామ బాలికైతే కరవుకాలం చూచిన అవ్వను అడిగి రమ్మనండి. విన్నది విన్నట్లు, ఆ మాటలలోనే వ్రాయుమనండి. ఎదలో చెప్పవలసినది నిండితే బొగ్గుముక్క చాలును. నిండకపోతే బంగారు పాళీ కూడ కదలదు.