చిన్న క్లినిక్‌లో స్టాఫ్ ఎందుకు నిలబడరు? ముందు చూడాల్సింది జీతం తేదీ, ఇంటికెళ్లే టైము

ఒక డాక్టర్, ఒక నర్సు, ఒక కాంపౌండర్, రిసెప్షన్‌లో ఒక అమ్మాయి, ఊడ్చి తుడిచే ఆయా. హైదరాబాద్ పాతబస్తీ గల్లీల్లో అయినా, కర్నూలు, గుంటూరు, నిజామాబాద్‌లలో అయినా చిన్న క్లినిక్ అంటే దాదాపు ఇంతే. పెద్ద ఆసుపత్రిలో ఒకరు మానేస్తే ఇంకొకరితో సర్దుతారు. ఇక్కడ నలుగురిలో ఒకరు మానేస్తే మర్నాటి నుంచే టోకెన్లు గందరగోళం, డ్రెస్సింగ్ ఆలస్యం, పేషెంట్ల కేకలు. ఏ షుగర్ పేషెంట్ ఎప్పుడు రావాలి, ఏ దాదీమాకి ఏ మందు పడదు అన్నది కూడా ఆ మనిషితోనే వెళ్లిపోతుంది.

ఈ కాలం పిల్లలకి పని మీద శ్రద్ధ లేదని చాలామంది డాక్టర్లు సరిపెట్టుకుంటారు. శ్రద్ధ తెప్పించడానికి రంజాన్‌లో ఇఫ్తార్ దావత్ ఇస్తారు, ఈద్‌కి బట్టలు పెడతారు. మంచిదే. కానీ మిగతా నెలల్లో జీతం ఒకసారి 15న, ఒకసారి 20న చేతికొస్తుంటే ఆ దావత్ ఎవరికీ గుర్తుండదు.

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ 1959లోనే ఈ తేడా చెప్పాడు. బీకాం, ఎంబీఏ చదివినవాళ్లకి ఈ పేరు కొత్త కాదు. జీతం, పనిచేసే చోటు, పైవాళ్ల తీరు సరిగ్గా లేకపోతే మనిషి విసిగిపోతాడు. అవి సరిగ్గా ఉన్నంత మాత్రాన ఉత్సాహం రాదు. ఉత్సాహం వచ్చేది గుర్తింపు, బాధ్యత, ఎదుగుదల వల్ల. అయితే ఆయన మాట్లాడింది పిట్స్‌బర్గ్ ప్రాంతంలోని ఇంజనీర్లతో, అకౌంటెంట్లతో. జీతం టైముకి అందని ఆయాకి గుర్తింపు గురించి లెక్చర్ ఇస్తే ఆమె నవ్వి ఊరుకుంటుంది. కాబట్టి చిన్న క్లినిక్‌లో మొదటి సగం చక్కబెట్టాకే రెండో సగం.

మొదటి పది టోకెన్లు స్టాఫ్‌వి

కూలి డబ్బు ఆలస్యం చేయకూడదన్న హదీసు ముస్లిం ఇళ్లల్లో అందరూ విన్నదే. నెల జీతం తర్వాతి నెల 7వ తేదీ దాటకూడదని చట్టం కూడా చెబుతుంది. ఆలస్యానికి డాక్టర్లు చెప్పే కారణం చేతిలో డబ్బు లేకపోవడం. మందుల బిల్లు, కరెంటు, అద్దె ముందు పోతాయి, మిగిలితే జీతాలు.

లెక్క తిరగేస్తే సరిపోతుంది. నలుగురి జీతాలు కలిపి నెలకు 65,000 అనుకుందాం. 26 పనిదినాలతో భాగిస్తే రోజుకు 2,500. ఓపీ ఫీజు 250 అయితే, రోజూ మొదటి పది మంది పేషెంట్ల ఫీజు స్టాఫ్‌దన్నమాట. ఆ 2,500 ఏ రోజుకారోజు వేరే అకౌంట్లో పడితే నెలాఖరుకి వెతుక్కోనక్కర్లేదు. ఒకటో తేదీనే ఇచ్చేయొచ్చు. చిట్టీ కట్టాల్సినవాళ్లకి, పిల్లల ఫీజు కట్టాల్సినవాళ్లకి ఎప్పుడో పెరిగే ఐదొందల కంటే ఈ ఒకటో తేదీ పెద్ద భరోసా.

క్లినిక్ పెరిగి పది మంది స్టాఫ్ అయితే ఈఎస్‌ఐ వస్తుంది. నెలకు 21,000 వరకు జీతం ఉన్నవాళ్లకి ఇది వర్తిస్తుంది. యజమాని వాటా 3.25 శాతం, ఉద్యోగి వాటా 0.75 శాతం. 16,000 జీతం మీద యజమాని కట్టేది 520 రూపాయలు, ఉద్యోగి జీతంలో కోతపడేది 120. దీనితో ఆ ఉద్యోగి కుటుంబానికి కూడా వైద్యం దొరుకుతుంది. తొమ్మిది మంది దగ్గరే రిజిస్టర్ ఆపేసి పదో మనిషిని లెక్కలో చూపించకపోవడం కొందరికి తెలివిగా అనిపిస్తుంది. స్టాఫ్‌కి ఆ సంగతి తెలియదనుకోవడం మాత్రం అమాయకత్వం.

ఇంటికెళ్లే టైము

సాయంత్రం నడిచే క్లినిక్‌లలో అమ్మాయిలు మానేయడానికి పెద్ద కారణం ఇదే. అమ్మాయికి పని ఇష్టమే, డాక్టర్ మంచివారే. కానీ రాత్రి పదకొండింటికి ఆటో వెతుక్కుని ఇంటికొస్తుంటే అబ్బా ఒప్పుకోరు, పెళ్లయితే సాస్ ఒప్పుకోదు. డీఎంఎల్‌టీ, నర్సింగ్ చదివిన ఎంతోమంది అమ్మాయిల ఉద్యోగం ఇక్కడే ఆగిపోతుంది. చివరి టోకెన్ తొమ్మిదిన్నరకి అని బోర్డు పెట్టి దానికి కట్టుబడాలి. లేట్ డ్యూటీ వంతులవారీగా వేసి, ఆ రోజు ఇంటి దాకా దింపే ఏర్పాటు క్లినిక్కే చూడాలి. ఆటో ఖర్చు, కొత్త మనిషికి రెండు నెలలు పని నేర్పే ఖర్చు పక్కపక్కన రాసి చూస్తే ఏది తక్కువో తెలిసిపోతుంది.

తెలంగాణలో ముస్లిం ప్రభుత్వ ఉద్యోగులకి రంజాన్ నెలలో గంట ముందే, 4 గంటలకే ఇంటికెళ్లే వీలు ఇస్తారు. ప్రైవేటు క్లినిక్‌లో అది డాక్టర్ చేతిలోనే ఉంటుంది. ఇఫ్తార్ వేళ హిందూ, క్రైస్తవ స్టాఫ్ కౌంటర్ చూసుకుని, క్రిస్మస్, దసరా, సంక్రాంతి డ్యూటీ ముస్లిం స్టాఫ్ తీసుకోవడం చాలాచోట్ల మాట మీదే నడుస్తుంది. అది నెల ముందే కాగితం మీద పెడితే ఎవరి వంతు అన్న గొడవ ఉండదు.

పరువు, ప్రాణం

టోకెన్ ఆలస్యమైతే పేషెంట్ బంధువు రిసెప్షన్‌లో అమ్మాయిని తిడతాడు. గోల ఎందుకని డాక్టర్ కూడా ఆమెనే తిడతారు, అదీ అందరి ముందు. ఆలస్యంగా వచ్చింది డాక్టరే అయినా సరే. తప్పుంటే తలుపేసి చెప్పాలి. బయటివాడు నోరు జారితే డాక్టర్ గదిలోంచి లేచి రావాలి. వైద్య సిబ్బందిపై దాడులను అడ్డుకునే 2008 చట్టం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉంది. అది డాక్టర్లకే కాదు, నర్సులకి, పారామెడికల్ సిబ్బందికి కూడా వర్తిస్తుంది.

వాడిన సూదులు, రక్తం అంటిన దూది ఎత్తేది ఆయా. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం ఆ పని చేసేవాళ్లందరికీ హెపటైటిస్-బి, ధనుర్వాతం టీకాలు యజమానే వేయించాలి. హెపటైటిస్-బి టీకా మూడు డోసులు: మొదటిది వేశాక నెలకి రెండోది, ఆరు నెలలకి మూడోది. టీకాలు వేసే క్లినిక్‌లోనే ఆయాకి టీకా లేకపోతే, తన ప్రాణానికి అక్కడ ఎంత విలువుందో ఆమెకి ఎవరూ వేరే చెప్పక్కర్లేదు.

ఇవి కుదిరాక బాధ్యత అప్పగించొచ్చు. షుగర్, బీపీ పేషెంట్లకి ఫోన్ చేసి చెకప్ గుర్తుచేసే పని పూర్తిగా నర్సుకి ఇవ్వొచ్చు. ఆ రిజిస్టర్ ఆమెదే. నెలలో ఎంతమంది తిరిగొచ్చారో ఆమే చెబుతుంది.

డాక్టర్ సంగతి

పొద్దున ఆసుపత్రి డ్యూటీ, సాయంత్రం సొంత క్లినిక్, రాత్రి పన్నెండింటికి అకౌంట్లు. పని ఒత్తిడి వల్ల వచ్చే బర్నౌట్‌ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన ఐసీడీ-11 జాబితాలో చేర్చింది, అదీ జబ్బుగా కాదు, పనికి సంబంధించిన పరిస్థితిగా. దాని గుర్తులు మూడు: ఒంట్లో సత్తువ లేకపోవడం, పని మీద విరక్తి లేదా చిరాకు, చేసే పనిలో పట్టు తగ్గడం. డాక్టర్ అలా ఉంటే దాని వేడి మొదట తగిలేది స్టాఫ్‌కే. జుమా రోజు మధ్యాహ్నం తర్వాత క్లినిక్ మూసి, అర్జంటు కేసులకి పక్క గల్లీ డాక్టర్‌తో వంతు మాట్లాడుకోవచ్చు. అకౌంట్లు పార్ట్‌టైమ్ మనిషికి అప్పగిస్తే రాత్రి నిద్రయినా మిగులుతుంది.

వారానికోసారి, పేషెంట్లు రాకముందు పావుగంట అందరూ కూర్చుంటే చాలు. ఈ వారం ఏది ఇబ్బంది పెట్టింది అని ఒక్కటే అడగాలి. మొదటి వారం ఎవరూ నోరు విప్పరు. రెండో వారం ఆయా చెబుతుంది, స్టాఫ్ బాత్‌రూమ్‌లో నీళ్లు రావడం లేదని. ప్లంబర్ అదే రోజు రావాలి.