పరీక్షల వేళ: ఆపుకోకూడని వేగాలు, ఆపుకోవలసిన మాటలు

శివరాత్రితో చలి వెళ్ళిపోయి ఎండ ముదిరే రోజుల్లో తెలుగునాట ఇంటర్మీడియట్ చదివే పిల్లలున్న ఇళ్ళ వాతావరణమే మారిపోతుంది. టీవీ మూగబోతుంది. చుట్టాల రాకపోకలు తగ్గుతాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే వైద్యుల వద్దకు పదహారు, పదిహేడేళ్ళ రోగులు ఎక్కువగా రావడం మొదలవుతుంది. ఒకరికి అన్నం సయించదు. మరొకరికి పరీక్షకు బయలుదేరే ముందు మూడు నాలుగు విరేచనాలు తప్పవు. తలనొప్పి, మెడ పట్టివేయడం, గుండెదడ, అరచేతుల్లో చెమట, ఆడపిల్లలకు నెలసరి క్రమం తప్పడం కూడా ఈ కాలంలో కనిపిస్తాయి. రక్తం, మూత్రం పరీక్ష చేయిస్తే అన్నీ సవ్యంగానే ఉంటాయి. దానితో ఇంట్లోవారు "రోగమేమీ లేదు, వట్టి భయం" అని తేల్చివేస్తారు. కొందరు "చదవలేక నెపం" అని కూడా అంటారు.

ఆ తీర్పు సరికాదు. భయం మనసులో పుట్టినా దాని పని శరీరంలో జరుగుతుంది. ఈ విషయంలో మన ప్రాచీన వైద్యులకు సందేహమే లేదు. చరకసంహిత చికిత్సాస్థానంలోని అతిసార ప్రకరణంలో భయం వలన కలిగే అతిసారాన్నీ, శోకం వలన కలిగే అతిసారాన్నీ ప్రత్యేకంగా లెక్కించారు. ఈ రెండింటిలోనూ వాతం ప్రకోపిస్తుందనీ, కనుక వాతహరమైన చికిత్సతో పాటు రోగికి సంతోషం కలిగించడం, ఊరడించడం కూడా చికిత్సేననీ అక్కడ విధించారు. ఊరడింపును మందుతో సమానంగా ఒకే వరుసలో చేర్చడం గమనించదగినది. విమానస్థానంలో మరొక మాట ఉంది. చింత, శోకం, భయం, క్రోధం, నిద్రలేమి ఉన్నవాడు మితంగా, పథ్యంగా తిన్నా ఆ అన్నం జీర్ణం కాదు. బిడ్డ ఎదుట కూర్చుని కొసరి కొసరి వడ్డిస్తూ, అదే నోటితో నిన్నటి పరీక్ష మార్కులు అడిగే తల్లిదండ్రులు ఈ మాటను గుర్తుంచుకోవాలి.

భయం కడుపులోకి ఎలా దిగుతుంది?

అమెరికా శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లో ప్రచురించిన గ్రంథంలో దీనికి వివరణ ఇచ్చాడు. ప్రమాదం ఎదురైన జంతువు ఎదిరించి పోరాడాలి, లేదా పారిపోవాలి. ఆ రెండింటికీ కండరాలకు రక్తం, ఇంధనం కావాలి. మెదడు నుంచి హెచ్చరిక అందగానే మూత్రపిండాల మీద టోపీల వలె ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ను విడుదల చేస్తాయి. గుండె వేగంగా కొట్టుకుంటుంది, నోరు ఎండిపోతుంది, చర్మానికి చెమట పడుతుంది. కొద్ది నిమిషాల తరువాత అవే గ్రంథుల నుంచి కార్టిసాల్ వచ్చి రక్తంలో చక్కెరను పెంచి, ఈ అప్రమత్త స్థితిని నిలబెడుతుంది. ఒత్తిడి సమయంలో జీర్ణకోశం ఖాళీ కావడం మందగిస్తుంది, పెద్దప్రేగు కదలిక మాత్రం పెరుగుతుంది. పరీక్ష ఉదయం ఇడ్లీ గొంతు దిగకపోవడానికీ, విరేచనానికి పరుగెత్తడానికీ కారణం ఇదే. రెండూ ఒకే భయానికి కలిగిన రెండు ఫలితాలు.

1936లో మాంట్రియల్ నగరం నుంచి హాన్స్ సెల్యే ఒక చిన్న లేఖను 'నేచర్' పత్రికలో ప్రచురించాడు. ఎలుకలను చలికి గురిచేసినా, గాయపరిచినా, మితిమీరి శ్రమపెట్టినా వాటి శరీరంలో ఒకే రకమైన మార్పులు కనిపించాయని ఆయన తెలిపాడు. అడ్రినల్ గ్రంథులు ఉబ్బాయి, రోగనిరోధకానికి సంబంధించిన థైమస్ గ్రంథి కుంచించుకుపోయింది, జీర్ణకోశంలో పుండ్లు పడ్డాయి. ఒత్తిడి అనే మాటకు వైద్యంలో ఈనాడున్న అర్థం ఆయన కృషితోనే స్థిరపడింది.

మనుషుల విషయంలో, అందులోనూ విద్యార్థుల విషయంలో, దీనికి చక్కని నిదర్శనం 1998లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం నుంచి వెలువడింది. దంతవైద్యం చదివే పదకొండు మంది విద్యార్థులకు అంగిలి మీద మూడున్నర మిల్లీమీటర్ల చిన్న గాయం చేసి, అది మానే కాలాన్ని లెక్కించారు. ఒకసారి వేసవి సెలవుల్లో, మరొకసారి పరీక్షకు మూడు రోజుల ముందు. పరీక్షల కాలంలో ఆ గాయం మానడానికి సగటున మూడు రోజులు, అనగా నలభై శాతం ఎక్కువ సమయం పట్టింది. నోటిపూత, జలుబు పరీక్షల రోజుల్లోనే ఎందుకు వస్తాయని అడిగే తల్లులకు ఇంతకన్నా స్పష్టమైన సమాధానం అక్కరలేదు.

ఆ మాత్రం ఒత్తిడి లేకపోతే పిల్లలు పుస్తకమే పట్టరని కొందరంటారు. కొంతవరకు నిజమే. గంటసేపు ఉండి తగ్గిపోయే ఉద్వేగం మేలే చేస్తుంది. పులి ఎదురైనవాడు పరుగెత్తి తప్పించుకున్నాక శరీరం సర్దుకుంటుంది. కుర్చీలో కూర్చుని నెలల తరబడి పులిని తలచుకునేవాడికి ఆ అవకాశం లేదు. పైగా కార్టిసాల్ అధికంగా ఉన్న వేళ నేర్చుకున్నది జ్ఞాపకానికి రావడం కష్టమవుతుంది. హాలులో ఎంత గింజుకున్నా రాని సమాధానం గేటు దాటగానే గుర్తుకు రావడంలో వింత లేదు.

వేగాలు తలక్రిందులైన వైనం

చరకుడు సూత్రస్థానం ఏడవ అధ్యాయంలో పదమూడు వేగాలను పేర్కొని, వాటిని బలవంతంగా ఆపుకోరాదని చెప్పాడు. మలమూత్రాలు, తుమ్ము, త్రేన్పు, ఆవులింత మొదలైనవి అందులో ఉన్నాయని చాలామందికి తెలుసు. ఆకలి, దప్పిక, నిద్ర, కన్నీరు కూడా ఆ జాబితాలో ఉన్నాయన్నది అంతగా ప్రచారంలో లేదు. అదే అధ్యాయంలో ఆపుకొని తీరవలసిన వేగాలను కూడా చెప్పాడు. లోభం, క్రోధం, ఈర్ష్య వంటివి మనసుకు సంబంధించినవి. మాటకు సంబంధించిన వాటిలో పరుషమైన మాట, అతిగా మాట్లాడటం, చాడీ, అబద్ధం, వేళకాని వేళ పలికే మాట ఉన్నాయి.

ఇప్పుడు పరీక్షల కాలంలో ఒక ఇంటిని గానీ, హాస్టల్‌ను గానీ చూడండి. పిల్లవాడు తెల్లవారుజామున లేచి రాత్రి పొద్దుపోయేదాకా నిద్రను ఆపుకుంటాడు. స్టడీ అవరులో లేస్తే మందలిస్తారని మూత్రాన్ని ఆపుకుంటాడు, అందుకే నీళ్ళు తాగడమూ తగ్గిస్తాడు. ఏడుపు వస్తే "మగపిల్లవాడివి, ఏడుస్తావా?" అంటారు కనుక కన్నీటినీ ఆపుకుంటాడు. పెద్దలు మాత్రం పరుషవాక్యాన్నీ ఆపుకోరు, ప్రక్కింటి అమ్మాయి మార్కులతో పోలికనూ ఆపుకోరు. పరీక్ష రాసి వచ్చిన బిడ్డ చెప్పులు విప్పకముందే "ఎన్ని వదిలేశావు?" అని అడగడం చరకుడు వారించిన అకాలపు మాటే. జరిగిపోయిన ప్రశ్నపత్రాన్ని ఎవరూ మార్చలేరు. ఆ ప్రశ్న మర్నాటి పరీక్షకు మాత్రం తప్పక చెరుపు చేస్తుంది.

ఈ వ్యాసకర్త అభిప్రాయంలో పరీక్షల ఒత్తిడికి మొదటి చికిత్స పిల్లలకు కాక ఇంట్లో పెద్దలకు జరగాలి. ఖర్చు లేనిది కనుక దానికి విలువ ఇచ్చేవారు తక్కువ.

ఇంట్లో చేయదగినవి

అన్నింటికన్నా ముఖ్యమైనది నిద్ర. ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం అనే మూడూ శరీరాన్ని నిలబెట్టే ఉపస్తంభాలని ఆయుర్వేదం చెబుతుంది. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ వయసులో రోజుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర అవసరమని నేటి వైద్యులు సూచిస్తున్నారు. పగలు చదివినది మెదడులో కుదురుకునేది నిద్రలోనే కాబట్టి, రాత్రంతా మేలుకుని చదివినవాడు గింజలు చల్లి నీరు పెట్టని రైతుతో సమానం. పరీక్షల రోజుల్లో పూర్తి ఎనిమిది గంటలు సాధ్యపడకపోయినా ఏడు గంటలకు తగ్గనీయరాదు. రాత్రి తొమ్మిదింటికి తాగిన కాఫీలోని కెఫీన్‌లో సుమారు సగం తెల్లవారుజామున రెండింటికి కూడా శరీరంలోనే ఉంటుంది. సాయంత్రం నాలుగు దాటాక కాఫీ, టీలు మాన్పించండి. నిద్ర పట్టించే ద్రవ్యాలలో గేదెపాలు శ్రేష్ఠమని చరకుడు చెప్పాడు. అరిగించుకోగలవారు పడుకునే ముందు గోరువెచ్చగా ఒక చిన్న గ్లాసు తాగవచ్చు. పాలు పడనివారిని బలవంతపెట్టవద్దు.

నిద్రకు ముందు పాదాభ్యంగం మంచి ఫలితమిస్తుంది. నూనె మర్దనలో తల, చెవులు, పాదాలకు ప్రాధాన్యమివ్వాలని అష్టాంగహృదయం చెబుతుంది. నువ్వుల నూనెను కొద్దిగా వేడిచేసి, రెండు పాదాలకూ చెరి ఐదు నిమిషాలు మెల్లగా రాసి, పొడిగుడ్డతో తుడవాలి. తల్లో తండ్రో ఈ పని చేస్తే మరీ మంచిది. పదిమాటల ఓదార్పు కన్న ఆ చేతి స్పర్శ ఎక్కువ పనిచేస్తుంది, పైగా ఆ పది నిమిషాలు మార్కుల ప్రస్తావన రాదు (రానీయకండి). ఆదివారం ఒంటికంతటికీ నూనె పట్టించి, సున్నిపిండితో వేడినీటి స్నానం చేయించవచ్చు. జ్వరం, అజీర్ణం ఉన్నప్పుడు మాత్రం అభ్యంగం కూడదు. అలవాటు లేనివారు పరీక్షకు ముందురోజు తలంటు పెట్టుకోవద్దు.

పరీక్ష ఉదయం కడుపు కదిలేవారికి ముందురోజు రాత్రి నుంచే వేపుళ్ళు, మసాలాలు, బయటి తిండి మాన్పించాలి. ఉదయం రెండు ఇడ్లీలు గానీ, మెత్తగా వండిన అన్నంలో పలుచని మజ్జిగ గానీ చాలు. వేయించిన జీలకర్ర పొడి చిటికెడు, ఉప్పు, కొద్దిగా అల్లం రసం మజ్జిగలో కలిపితే ఇముడుతుంది. విరేచనాలు మూడు నాలుగు మించితే ఉప్పు వేసిన బియ్యపు గంజి, ఓఆర్ఎస్ నీరు కొద్దికొద్దిగా తాగించాలి. మలంలో రక్తం, జ్వరం, నిద్రలోంచి లేపే విరేచనాలు, బరువు తగ్గడం ఉంటే అది భయాతిసారం కాదు. వెంటనే వైద్యునికి చూపించండి.

రోజూ సాయంత్రం అరగంట వేగంగా నడవడం తప్పనిసరి. పోరాటానికో పరుగుకో సిద్ధమై కూర్చున్న శరీరానికి ఆ పని కల్పించడమే దాని ఉద్దేశం. నడకలో చేతిలో పుస్తకం గానీ ఫోన్ గానీ ఉండరాదు.

శ్వాస విషయంలో గొప్ప ప్రాణాయామాలు అక్కరలేదు. నాలుగు అంకెలు లెక్కిస్తూ ముక్కుతో గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కిస్తూ వదలాలి. నిమిషానికి సుమారు ఆరు శ్వాసలవుతాయి. గాలి వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే కొంత తగ్గుతుంది. ఉచ్ఛ్వాస కన్న నిశ్వాసను పొడిగించడంలోని కిటుకు ఇదే. కుంభకం చేయవద్దు. నెలముందు నుంచి రోజూ ఐదు నిమిషాలు సాధన చేసినవారికి, హాలులో మనసు శూన్యమైనప్పుడు కలం క్రింద పెట్టి ఐదు శ్వాసలు తీయడం సులభమవుతుంది. అలవాటు లేనివారికి అప్పటికప్పుడు అంతగా ఉపయోగపడదు.

జ్ఞాపకశక్తి మందుల మాట

ఫిబ్రవరిలో మందుల దుకాణాల ముందు జ్ఞాపకశక్తి టానిక్కుల సీసాలు వరుస కడతాయి. బ్రాహ్మి అనే పేరుతో మన వాడుకలో రెండు వేర్వేరు మొక్కలున్నాయి. ఒకటి సరస్వతీ ఆకు, అనగా మండూకపర్ణి. మరొకటి నీటి ఒడ్డున పెరిగే నీరుబ్రాహ్మి. చరకుడు మేధ్య రసాయనాలలో మండూకపర్ణి స్వరసాన్ని చెప్పాడు. నీరుబ్రాహ్మిపై పెద్దవారిలో జరిగిన ఆధునిక పరిశోధనలలో ప్రయోజనం కనిపించడానికి సుమారు పన్నెండు వారాలు పట్టింది. పరీక్షకు ఇరవై రోజుల ముందు కొన్న సీసా ఎవరికి మేలు చేస్తుందో పాఠకులే ఊహించుకోవచ్చు. అశ్వగంధ ఒత్తిడిని తగ్గిస్తుందని కొన్ని చిన్న పరిశోధనలు చూపినా, అవి ఎక్కువగా పెద్దవారిపై జరిగినవి. అరుదుగా కాలేయానికి హాని కలిగిన సందర్భాలు కూడా నమోదయ్యాయి. థైరాయిడ్ మందులు వాడేవారికి అది తగదు. పిల్లలకు వైద్యుని సలహా లేకుండా ఇవ్వవద్దు. గుండెదడ తగ్గుతుందని స్నేహితులు పంచుకునే ప్రొప్రానొలాల్ మాత్ర ఉబ్బసం ఉన్నవారికి ప్రాణాంతకం కావచ్చు.

ఇంటి వైద్యానికి లొంగనివి

రెండు వారాలు దాటి నిద్ర లేకపోవడం, తిండి మానేయడం, ఎవరితోనూ మాట్లాడకపోవడం, ఇష్టమైన వస్తువులు ఇతరులకు ఇచ్చివేయడం, "నేను లేకపోతే మీకు బాధ ఉండదు" వంటి మాటలు అనడం కనిపిస్తే నూనెలు, కషాయాలతో కాలక్షేపం చేయరాదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వెలువడిన తరువాత కొద్దిరోజుల్లోనే పలువురు విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. అటువంటి మాట విన్నవెంటనే బిడ్డను ఒంటరిగా వదలకుండా, "చనిపోవాలని అనిపిస్తున్నదా?" అని సూటిగా, మెల్లగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. మానసిక వైద్యుని కలవండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీమానస్ సేవకు 14416 సంఖ్యపై రాత్రింబవళ్ళు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనూ మాట్లాడతారు.

ఫలితాల రోజున పెద్దలలో ఒకరైనా ఇంటి వద్ద ఉండాలి. మార్కులు చూడటానికి ముందే పిల్లలకు అన్నం పెట్టండి. తప్పినవారికి అదే వేసవిలో అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షలుంటాయి. వాటికి ఫీజు కట్టే గడువు ఎప్పటివరకో కనుక్కునే పని ఆ రోజు బిడ్డకు వదలక మీరే చేయండి.