ఆఖరి అంగుళం

మీ వీధిలో ఎవరింట్లోనైనా బండపరుపు వేస్తుంటే కాసేపు ఆగి చూడండి. తాండూరు నుంచో, బేతంచెర్ల నుంచో వచ్చిన నాపరాళ్ళను ఇద్దరు మనుషులు చెరొక పక్కా పట్టి లేపుతారు, మోస్తారు, దించుతారు. ఈ మూడు పనుల్లో వేళ్ళు నలిగే ప్రమాదం దేనిలో ఎక్కువ? లేపడంలో అనుకుంటున్నారు కదూ! కాదు, దించడంలో.

ముందు రాయి బరువెంతో లెక్క కడదాం. 90 సెంటీమీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు, 4 సెంటీమీటర్ల మందం ఉన్న బండ ఘనపరిమాణం 21,600 ఘన సెంటీమీటర్లు. ఘన సెంటీమీటరు నాపరాయి సుమారు 2.6 గ్రాములు తూగుతుంది. అంటే మొత్తం 56 కిలోలు! మగవాడైనా ఒంటరిగా మోసే బరువు 55 కిలోలు మించకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో సిఫారసు చేసింది.

మోసేటప్పుడు వేళ్ళు బండ అడుగున ఉంటాయి. బండ నేలను తాకేలోగా అవి బయటికి రావాలి. "జారితే చటుక్కున లాగేసుకుంటే సరి" అంటారా? ఈ ప్రయోగం చేయండి. మీ స్నేహితుణ్ణి స్కేలు నిలువుగా పట్టుకోమనండి. సున్నా గీత దగ్గర మీ బొటనవేలూ చూపుడువేలూ తెరిచి ఉంచండి. అతడు చెప్పకుండా వదిలేస్తాడు, మీరు పట్టుకోవాలి. సాధారణంగా 15 నుంచి 20 సెంటీమీటర్లు జారాక గాని దొరకదు. 20 సెంటీమీటర్లు పడటానికి పట్టే కాలం సెకనులో అయిదో వంతు. కన్ను చూసి, మెదడుకు తెలిసి, చెయ్యి కదలడానికి అంత వ్యవధి కావాలి. మరి బండ ఆఖరి అంగుళం పడటానికో? సెకనులో 7/100 వంతు! పైగా ఒక అంచు నేలకు ఆని ఉన్నప్పుడు రెండో అంచు మామూలుగా పడే వస్తువుకంటే కూడా త్వరగా దిగుతుంది. ఎంత చురుకైన వాడికీ అక్కడ తప్పించుకునే వ్యవధి లేదు.

ఇక వేలి సంగతి. ఎడమచేత్తో కుడి ముంజేతిని పట్టుకుని కుడిచేతి వేళ్ళు ఆడించి చూడండి. కదులుతున్న కండరాలు ముంజేతిలో తగులుతాయి. వేళ్ళలో కండరాలు లేవు, అక్కడికి వచ్చేవి వాటి తాళ్ళు మాత్రమే. అందుచేత తొడకు తగిలిన దెబ్బను కండ కొంత ఆపుతుంది గాని, వేలికి తగిలింది నేరుగా ఎముకకే చేరుతుంది. చేతిలోని 27 ఎముకల్లో 14 వేళ్ళవే. బొటనవేలు పోతే తాపీ పట్టడం ఎంత కష్టమో ఏకలవ్యుడి కథ తెలిసిన వారికి వేరే చెప్పనక్కరలేదు.

అనుభవం ఉన్న మేస్త్రీ ఏం చేస్తాడో గమనించండి. బండ దించేచోట ముందే రెండు చెక్కముక్కలు పెడతాడు. బండ వాటిమీద ఆనుతుంది, వేళ్ళు నిదానంగా బయటికి వస్తాయి. తర్వాత గడ్డపారతో కాస్త ఎత్తి, చెక్కలను పుల్లతో తోసేస్తాడు, చేత్తో కాదు. తోలు చేతితొడుగులు గీతలూ కోతలూ పడకుండా కాపాడతాయి. 56 కిలోలు మీద పడితే మాత్రం అవి చేయగలిగింది తక్కువే.

వేలు నలిగితే వెంటనే ఉంగరం తీసేయాలి, వాచాక రాదు. శుభ్రమైన గుడ్డతో అదిమి, చెయ్యి పైకెత్తి ఉంచి ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. కాఫీపొడి, సున్నం వంటివి పెట్టకూడదు. వేలు తెగిపోతే ఆ ముక్కను తడిపిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి బిగించి, ఆ సంచిని మంచునీళ్ళలో ఉంచాలి. మంచు ముక్కకు నేరుగా తగలరాదు.

1965లో జపాను వైద్యులు కొమత్సు, తమాయి పూర్తిగా తెగిపోయిన బొటనవేలిని సూక్ష్మదర్శిని కింద రక్తనాళాలు కుట్టి బతికించారు. అయితే పదునుగా తెగిన వేలికంటే బండ కింద చితికిన వేలిని అతికించడం చాలా కష్టం. కుట్టడానికి రక్తనాళాల కొసలు సరిగా మిగలవు.