అద్దె సినిమాలు - ఇల్లాండ్ర యిక్కట్టులు

సినిమాను చూడ మనము పోవుట యొకటి, సినిమాయే మన యింటికి వచ్చుట యొకటి. మొదటిదానియందలి శ్రమ సోదరీమణులకు మేము చెప్ప నక్కరలేదు. వంట ముగియవలెను, పసిబిడ్డ నిద్రపోవలెను, తోడు దొరకవలెను, ఆట వేళకు గడప దాటవలెను. అందుచేతనే సినిమాను అద్దెకు దెచ్చి యింటనే చూచుకొను సౌకర్యము వచ్చినప్పుడు ఇల్లాలి కష్టము తీరినదని పలువురు తలచిరి. నలువదేండ్లుగా ఈ అద్దె సినిమా పలు రూపములు దాల్చినది. ప్రతి రూపమునను ఏదో యొక విసుగు దానితోడనే యింటిలో నడుగు పెట్టినది. హిందూపురము, పెనుగొండ, ధర్మవరము అను మూడూళ్ల యిండ్లను మనసున నుంచుకొని ఆ విసుగులను పోల్చి చూతుము.

ఈ మూడూళ్లును ఒకే రైలుమార్గముపై నున్నవి. 2022లో నేర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాకు జేరినవి. అంతకుముందు అనంతపురము జిల్లాలోనివి. అయినను ఇండ్ల తీరు వేరు. హిందూపురము వర్తకపుటూరు, కన్నడ సీమకు సరిహద్దు, బెంగుళూరికి చేరువ. ధర్మవరము పట్టుచీరల యూరు. అచ్చట ననేకుల యిండ్లలో గుంటమగ్గమే సగము గదిని ఆక్రమించి యుండును. పెనుగొండ యొకప్పుడు విజయనగర రాజుల యేలుబడికి ముఖ్యపట్టణము; కొండకోటయు గగనమహలును ఇప్పటికిని చూపరుల నాకర్షించుచున్నవి, ఊరు మాత్రము చిన్నది. అద్దె బాధలు ఊరిని బట్టియు, ఇంటి పనిని బట్టియు మారుచుండును గనుక ఇంత చెప్పవలసి వచ్చినది.

మన దేశమున రంగుల టెలివిజను 1982లో ఢిల్లీలో జరిగిన ఆసియా క్రీడలతో వ్యాపించెను. దాని వెనువెంటనే వీడియో యంత్రము వచ్చెను. జపానులో బీటామాక్సు 1975లోను, వి.హెచ్.ఎస్. 1976లోను పుట్టినవి, మన యూళ్లకు గెలిచి వచ్చినది ఈ రెండవది. యంత్రము కొనగల యిల్లు వీధికొకటి యుండుటయు అరుదే. కావున క్యాసెట్టుతోబాటు టి.వి.ని, డెక్కును గూడ అద్దెకు దెచ్చుకొనెడివారు. పల్లెలలో పదిమంది చందా వేసికొని, రచ్చకట్ట మీద నొక రాత్రికి తెప్పించి, ఊరంతయు చూచెడిది.

ఇందులోని మొదటి యిక్కట్టు రాత్రి యను కొలతయే. అద్దె రాత్రికి గనుక, ఆ డబ్బు గిట్టుబాటు కావలెనన్న మూడు సినిమాలు వరుసగా చూడవలెను. పెద్దలకొరకు మొదట నొక పౌరాణికము, పిదప సాంఘికము, తెల్లవారుజామున కుర్రకారునకు పోట్లాటల సినిమా. ఇరుగుపొరుగువారందరును కూడుదురు. వచ్చినవారికి చాపలు పరచుట, మంచినీళ్లు, నడిజామున టీ, ఏడ్చు బిడ్డను జోకొట్టుట ఎవరి పని? ఇల్లాలు వంటింటి గుమ్మమున నిలిచి చూచిన ముక్కలే ఆమె సినిమా. తెల్లవారిన తరువాత అందరును పండుకొందురు. ఆమె వాకిలి చిమ్ముచుండును. ధర్మవరపు నేతయింట నింకను కష్టము. పగలు కండెలు చుట్టి, ఆసు పోసిన చేతులకు రాత్రి నిద్ర లేకున్న, మరునాడు పోగు తెగును. తెగిన పోగుకు మాట పడవలసినది ఆమెయే.

రెండవది యంత్రపు మొరాయింపు. తెరపై మంచు కురిసినట్లు చుక్కలు. ట్రాకింగు మీట త్రిప్పగా త్రిప్పగా గీత పైనుండి క్రిందికి దిగును, మరల పైకెక్కును. హెడ్డు మాసినదని ఒకరు స్పిరిటు తెమ్మందురు, మరియొకరు కొత్త నోటుతో తుడిచిన చాలుననుదురు. ఆ నడుమ యంత్రము టేపును నమలివేసినచో దుకాణదారునికి నష్టము కట్టవలెను. తేమ తగిలిన క్యాసెట్టుకు బూజు పట్టును. ఆ బూజు యంత్రములో నంటుకొని తరువాతి క్యాసెట్టునకును ప్రాకును. టేపును మొదటికి త్రిప్పి యీయకున్న కొన్ని దుకాణములలో అదియొక రుసుము. అన్నిటికంటె మిన్న, మనకు గావలసిన సినిమా యెప్పుడును ‘బయట’నే యుండును!

సినిమా పొడవు సంగతి వేరు. మామూలు క్యాసెట్టు మూడు గంటలకు మించి పట్టదు. హిందూపురమునుండి 1985, 1989, 1994 ఎన్నికలలో శాసనసభకు గెలిచిన నందమూరి తారకరామారావుగారు 1977లో తీసిన ‘దాన వీర శూర కర్ణ’ నాలుగు గంటలకు కొంచెమే తక్కువ. అట్టి చిత్రమును ఒక్క క్యాసెట్టులో నిమిడ్చిరనగా ఎచ్చటనో కత్తెర పడినదనుట. తన నాయకుని ఊరివారికి ఆయన సినిమా కోతపడి దక్కుట కంటె చిరాకేమి గలదు?

ఇక మోసములు. 1984లో కాపీరైటు చట్టమును సవరించి, వీడియో సినిమాపై తయారు చేసినవాని పేరును చిరునామాయును, హక్కుదారుని పేరును, సెన్సారు పత్రపు నకలును ఉండవలెనని విధించిరి. చట్టము చట్టముగనే యుండెను. హాలులో కెమెరా పెట్టి దొంగతనముగా తీసిన ప్రతులు వచ్చుచునే యుండెను. అందు ముందు వరుసవాని తల తెరకడ్డముగా లేచుటయు, ప్రేక్షకుల దగ్గులును సినిమాతోబాటు అద్దెకు లభించెడివి. మేమొకమారు పౌరాణికమని తెచ్చుకొన్న క్యాసెట్టులో అరగంట తరువాత ఎవరిదో పెండ్లి ప్రత్యక్షమయ్యెను. దుకాణదారుడు డబ్బు తిరిగి యీయలేదు, ‘పెండ్లి బాగున్నదా?’ యని మాత్ర మడిగెను.

1990 ప్రాంతముల తరువాత కేబులు వచ్చినది. నెలకొక రుసుము చెల్లించిన ఆపరేటరు తన చానలులో సినిమా వేయును. దీనిని అద్దె యనుట కొంచెము బలవంతమే. చూడవలసినదేదో, ఎప్పుడో ఆతడే నిర్ణయించును. హిందూపురమున తెలుగు సినిమా కోరు ఇల్లును కన్నడ సినిమా కోరు ఇల్లును ఒకే తీగకు వ్రేలాడుచుండును. ఒకరికి ప్రియమైనది మరియొకరికి రుచింపదు. ఇంతకంటె దీనిని గూర్చి చెప్పవలసినది లేదు.

వి.సి.డి. బిళ్ల వచ్చిన కాలము మాత్రము, మా యభిప్రాయమున, ఇల్లాండ్రకు కొంత మేలైన కాలము. ఇట్లనుటకు నవ్వెడివారు నవ్వుదురు గాక. చిత్రము క్యాసెట్టుకంటె గొప్పగా లేదు. ఒక్కొక్క బిళ్లపై డెబ్బదినాలుగు లేక ఎనుబది నిమిషములే పట్టును గావున తెలుగు సినిమాకు రెండో మూడో బిళ్లలు గావలెను. మూడవ బిళ్ల పెట్టెలో లేకపోవుటయు, ఉన్నది వేరొక సినిమాదగుటయు, కథ ముడిపడిన చోటనే గీతపడి బొమ్మ చదరములు చదరములుగా విరిగిపోవుటయు మనమెరుగనివి కావు. చీరచెంగుతో తుడువని బిళ్ల యీ మూడూళ్లలో నుండియుండదు. కరెంటు పోయినచో క్యాసెట్టు ఆగిన చోటనే యుండెడిది. బిళ్ల మాత్రము మరల మొదటినుండి ప్రారంభించును, వెదకుకొనవలెను. వేసవిలో కరెంటు కోతలకు లోబడిన మన సీమలో ఇది చిన్న విషయము కాదు.

అయినను మేమా బిళ్లనే మెచ్చుటకు కారణము గలదు. టి.వి.యు డెక్కును బండిపై తెచ్చుటకు మగవాడు గావలెను. బిళ్ల చేతిసంచిలో నిముడును. కూరగాయలకు పోయి వచ్చుచు ఆమెయే ఎంచుకొనవచ్చును. అద్దె సాధారణముగా నొకదినమునకు. పిల్లలు బడికి, మగవారు పనికి పోయిన పిదప మధ్యాహ్నమున తలుపు మూసికొని, తనకు నచ్చిన పాత సినిమాను తాను ఒక్కతెయే చూచుట అను భాగ్యము ఎందరికో మొదటిసారి కలిగినది. రాత్రి యను కొలత పోయి దినమను కొలత వచ్చుటచే నిది సాధ్యమయ్యెను.

ఆ దుకాణములు నిలువలేదు. 2007 ప్రాంతమున మోజర్ బేర్ అను సంస్థ సినిమా బిళ్లలను ముప్పది రూపాయల కటునిటుగా నమ్మ మొదలిడెను. కొనుటకును అద్దెకును భేదము సన్నగిల్లినప్పుడు తిరిగి యిచ్చు శ్రమ యెవరు పడుదురు? ఆ సంస్థయు 2018లో మూతపడి ఆస్తులు అమ్మకమునకు వచ్చినవి. అమెరికాలో 1998లో బిళ్లలను తపాలాలో పంపుటకు నారంభించిన నెట్‌ఫ్లిక్సు, ఆ పనిని 2023 సెప్టెంబరులో మానుకొన్నది. అచ్చటి గొప్ప అద్దె దుకాణముల సంస్థ బ్లాక్‌బస్టరు 2010లోనే దివాలా తీసెను. తపాలాలో సినిమా యను పద్ధతి మన దేశమున మహానగరములను దాటి అంతగా రాలేదు.

ఇప్పుడు సినిమా టెలిఫోనులోనికి వచ్చినది. 2016లో నెట్‌ఫ్లిక్సును ప్రైము వీడియోయును మన దేశమున ప్రారంభమైనవి. 2020లో తెలుగువారికే ప్రత్యేకముగా ‘ఆహా’ వచ్చినది. ఇవి చందా పద్ధతివి. కాని 2022 ఏప్రిలులో ప్రైము వీడియో ఒక్కొక్క సినిమాను విడిగా అద్దెకిచ్చుటయు మొదలుపెట్టెను. ఇచ్చట సోదరీమణులు జాగ్రత్త వహింపవలెను. ఏడాది చందా కట్టియుండియు, కోరిన సినిమాకు మరల అద్దె యడిగినప్పుడు ‘ఇదేమి యన్యాయ’మని పలువురు విస్తుపోవుచున్నారు, ఆ రెండును వేరు లెక్కలు. అద్దె కట్టిన తరువాత చూచుట ప్రారంభించుటకు ముప్పది దినములు గడువు. ఒకసారి ప్రారంభించినచో నలువదెనిమిది గంటలలో ముగింపవలెను. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ వారు 2023లో కొత్త సినిమాను ఇంటికే పంపు పద్ధతి నారంభించినప్పుడు తొంబదితొమ్మిది రూపాయలకు ఇరువదినాలుగు గంటలే యిచ్చిరి.

నలువదెనిమిది గంటలు విరివిగనే తోచును. ఇల్లాలి గంటలుగా మార్చి చూడుడు. శుక్రవారము రాత్రి పాత్రలు తోమి కూర్చుండి అరగంట చూచెను. శనివారమున అత్తవారి తరపు చుట్టములు దిగిరి. ఆదివారము ఉతుకు, తలంట్లు, మధ్యాహ్నము విందుభోజనము. సాయంకాలము తీరిక చిక్కి ఫోను తెరచునప్పటికి గడువు ముగియుట కొక గంట మిగిలినది, సినిమా రెండు గంటలున్నది. దుకాణదారుడైనచో ‘రేపిత్తునన్నా’ యని బ్రతిమాలవచ్చును. మహా యయిన నింకొక దినపు అద్దె పుచ్చుకొనును. ఫోను ఎవరి మాటయు వినదు. డబ్బు ఫోనులో కట్టవలెననగా సంకేతాంకము భర్త ఫోనునకో కొడుకు ఫోనునకో వచ్చును. ఆయన పనిలో నున్నచో సినిమా లేదు. వి.సి.డి. నాడు ఆమె చేతికి వచ్చిన యెంపిక మరల ఆమె చేయి జారినదని మేమందుకే యనుచున్నాము.

కావున పెండ్లియైన సోదరీమణులు మొదట తమ పేర తమ ఫోనుననే డబ్బు కట్టు నేర్పాటు చేసికొనవలెను. అద్దె కట్టి యుంచుకొనవచ్చును గాని, మూడు గంటల తీరిక యెదుట కనబడువరకు ‘ప్రారంభించు’ మీట నొక్కరాదు; పిల్లలు తెలియక నొక్కుదురు, ఫోను వారి కందనీయరాదు. డబ్బు కట్టుటకు ముందు ఆ సినిమా తాము కట్టిన చందాలోనే యున్నదేమో చూడవలెను. భాషను గూడ చూడవలెను. పేరొకటే యైనను తెలుగు ప్రతి వేరు, కన్నడ ప్రతి వేరుగా అద్దె కుండుట కలదు.

అటకమీద పాత క్యాసెట్టులున్న యిండ్లు ఈ మూడూళ్లలోను చాల గలవు. సినిమాలవి పోయిన పోనిండు, వాని నింకొక చోట చూడవచ్చును. పెండ్లి క్యాసెట్టులు అట్లు కావు. వి.హెచ్.ఎస్. యంత్రములను చేయుచుండిన చివరి సంస్థ, జపానులోని ఫునాయి, 2016 జులైలో ఆ పని నిలిపివేసినది. పాత యంత్రములు మూలపడుచున్నవి, టేపులకు బూజు పట్టుచున్నది. తాత యవ్వల ముఖములు, తల్లిదండ్రుల చేతులమీదుగా సాగిన కన్యాదానము ఆ టేపులలోనే యున్నవి. వానిని పండుగ కటక దులుపునప్పుడు క్రిందికి దింపి, తడిలేని చోట నిలువుగా నుంచి, నమ్మకస్థుడగు ఫోటో స్టూడియోవానిచే ఈ యేడే నకలు తీయించుకొనుడు.