గాయము – మచ్చ

కృష్ణా డెల్టాలో సార్వా పంట కోతకు వచ్చినపుడు కొడవలి గాట్లు సామాన్యము. కోతయంత్రములు వచ్చినను, గాలివానకు నేలవ్రాలిన చేలలో నేటికిని కొడవలియే దిక్కు. వ్రేలు తెగును, నెత్తురు కారును, గుడ్డపేలిక చుట్టుకొని కూలివాడు మరల పనిలో వంగును. కొన్ని దినములకు గాయము మానును. దాని స్థానమున మచ్చ మిగులును. గాయమెట్లు మానినది? మచ్చ యేల మిగిలినది? ఈ రెండు ప్రశ్నలకును సమాధానము రక్తములోని తెల్లకణముల నడవడియందు చాలవరకు కలదు.

2024వ సంవత్సరము సెప్టెంబరులో కొండపల్లి సమీపమున బుడమేరు కట్టకు మూడు గండ్లు పడెను. విజయవాడలోని అజిత్‌సింగ్‌నగర్ మొదలగు పేటలు నీట మునిగెను. అప్పుడు కట్ట అందముగా నుండవలెనని ఎవరును చూడలేదు. రేయింబవళ్లు రాళ్లు, మట్టి పోసి గండ్లు పూడ్చిరి. చర్మము తెగినపుడు శరీరమును ఇట్లే చేయును. చర్మము దేహమునకు కట్ట వంటిది. దానికి గండి పడినచో రక్తము వెలుపలికి పోవును. సూక్ష్మజీవులు లోపలికి చొచ్చును. కనుక అందముకంటె వేగమే ముఖ్యము.

మొదట రక్తఫలకికలు గుమిగూడి, నెత్తురు గడ్డకట్టునట్లు చేసి, స్రావమును ఆపును. కొలది గంటలలో న్యూట్రోఫిల్లులను తెల్లకణములు రక్తనాళముల గోడలగుండ దూరి వచ్చి సూక్ష్మజీవులను మ్రింగి చంపును, తామును నశించును. పుండునందలి చీములో ఇట్లు చచ్చిన కణములే అధికము. రెండు మూడు దినములకు మాక్రోఫేజులను పెద్ద కణములు వచ్చి చేరును. గ్రీకుభాషలో ఈ మాటకు ‘పెద్ద తిండిపోతు’ అని అర్థము.

ఇట్టి కణములు శత్రువును చుట్టుముట్టునని మొదట గ్రహించినవాడు రష్యా దేశీయుడగు ఇల్యా మెచ్నికోవ్. 1882లో ఇటలీలోని మెస్సీనా నగరమున ఆయన సముద్రనక్షత్రపు పిల్లల పారదర్శక శరీరములో గులాబిముల్లు గ్రుచ్చి చూచెను. మరునాటికి సంచారకణములు ఆ ముల్లు చుట్టును మూగియుండెను. రోగనిరోధక శక్తిపై చేసిన కృషికి 1908లో ఆయనకును, పాల్ ఎర్లిహ్‌కును నోబెల్ బహుమతి లభించెను.

మాక్రోఫేజులు తొలుత యోధులు, పిదప మేస్త్రీలు. చచ్చిన కణములను, మలినమును తిని, స్థలమును శుభ్రముచేసిన పిమ్మట అవి తమ స్వభావమును మార్చుకొని, చర్మమును నిర్మించు కణములకు పని మొదలిడుమని రసాయన సంకేతములు పంపును. ఇవి తగ్గినచో ఏమగును? 1975లో లీబోవిచ్, రాస్ అను శాస్త్రజ్ఞులు గినీపందులలో ఈ కణములను తగ్గించి చూడగా గాయములు మానుట ఆలస్యమయ్యెను.

సంకేతమందిన నిర్మాణకణములు కొల్లాజెన్ అను దారములను వడివడిగా తయారుచేయును. ఆరోగ్యవంతమగు చర్మములో ఈ దారములు తుంగచాపవలె ఒకదానితోనొకటి అల్లుకొని యుండును. మచ్చలో అవి గడ్డిమోపులోని పరకలవలె చాలవరకు ఒకే దిక్కునకు పడియుండును. మచ్చపై వెండ్రుక మొలవదు, చెమట పట్టదు. దాని బలము మేలి చర్మపు బలములో నూటికి 80 వంతులకు మించదు. గర్భస్థశిశువునకు సుమారు ఆరవ మాసములోపల చర్మము తెగినచో మచ్చలేకుండ మానును. అచ్చట తెల్లకణముల దాడి స్వల్పమగుట అందుకు ఒక కారణము.

యోధులు వచ్చుట ఎంత అవసరమో, పని ముగిసినంతనే విరమించుటయు అంత అవసరము. విరమింపనిచో రెండు కీడులు కలుగును. కొందరికి చెవులు కుట్టించుకొన్న చోటనే మచ్చ అదుపులేక పెరిగి గడ్డవలె నగును. దానిని కీలాయిడ్ అందురు. మధుమేహము గలవారిలో మాక్రోఫేజులు మేస్త్రీలుగా మారక యోధులుగనే నిలిచిపోవుట కలదు. అట్టివారి పాదమున పడిన చిన్న గాయము నెలల తరబడి మానక, తుదకు కాలు తీసివేయవలసిన స్థితియు రావచ్చును.

కావున తెగిన చోటును వెంటనే శుభ్రమైన నీటితోను, సబ్బుతోను కడుగవలెను. మట్టి, పేడ, బూడిద అద్దరాదు. ధనుర్వాతమును కలిగించు సూక్ష్మజీవులు వానిలో నుండవచ్చును. గాయము లోతైనను, పొలపు మన్ను తగిలినను టీకా విషయమై వైద్యుని అడుగవలెను. పక్కును గీరరాదు, గీరినచో గండి మరల తెరచినట్లే, మచ్చయు పెరుగును. ఇంటిలో మధుమేహము గల పెద్దలున్నచో ప్రతిదినము వారి పాదములను పరిశీలించుట పిల్లలును చేయదగిన పని. గాయమును మాన్పునది శరీరమే. దాని పనికి అడ్డము రాకుండుట, అది అలసినపుడు సాయము తెచ్చుట మనుష్యుని విధి.